స్కాన్ వాలుగా తీస్తే దిశల లెక్క కూడా మార్చాలి: మెదడు నరాల పటంలో కంటికి కనిపించని తప్పు

అడిక్‌మెట్ గల్లీల్లో అద్దె ఇల్లు మారిన ముస్లిం కుటుంబాలకు ఒక విషయం బాగా తెలుసు. సామాన్లు దించీ దించగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి మాటల్లో ఒకటి, "ఖిబ్లా ఎటు?" పాత ఇంట్లో జానిమాజ్ గోడకు సమానంగా పరిచేవాళ్లు. కొత్త ఇంట్లో అదే జానిమాజ్ గోడకు వాలుగా, గది మూలకు తిరిగినట్టు పరచాల్సి వస్తుంది. చూసిన పిల్లలు అడుగుతారు, "అబ్బా, ఇక్కడ ఖిబ్లా మారిపోయిందా?" అని.

ఖిబ్లా మారలేదు. ఇల్లు తిరిగి ఉంది, అంతే. హైదరాబాద్ నుంచి ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, అక్కడి నుంచి ఉత్తరం వైపు సుమారు 13 డిగ్రీలు. ఏ ఇంటికి మారినా ఆ దిశ అదే. గోడకూ ఆ దిశకూ మధ్య ఉన్న కోణం మాత్రం ఇంటింటికీ మారుతుంది. అందుకే "గోడ నుంచి 20 డిగ్రీలు తిప్పి జానిమాజ్ వేయండి" అని పాత ఇంట్లో రాసుకున్న చీటీ కొత్త ఇంట్లో పనికిరాదు. ఆ చీటీ ఏ గోడను బట్టి రాశారో తెలిస్తేనే దానికి అర్థం.

సరిగ్గా ఇలాంటి చీటీయే మెదడు ఎంఆర్ఐ స్కాన్‌లో ఒక రకానికి ఉంటుంది. దాన్ని ఏ గోడను బట్టి రాశారో చూసుకోకుండా వాడితే మెదడులోని నరాల దారులు పటంలో పక్కకు జరిగిపోతాయి. ఆపరేషన్‌కు ముందు ఆ పటం చూసే సర్జన్‌కైనా, దాని మీద థీసిస్ రాసే విద్యార్థికైనా ఇది చిన్న విషయం కాదు. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఈ తప్పు జరిగినా బొమ్మ చాలావరకు బాగానే కనిపిస్తుంది.

నీళ్లు ఎటు నడుస్తాయో చూసే స్కాన్

మామూలు ఎంఆర్ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. ఎక్కడ గడ్డ ఉంది, ఎక్కడ వాపు ఉంది అన్నది అందులో తెలుస్తుంది. డిఫ్యూజన్ ఎంఆర్ఐ చూసేది వేరే. మెదడులోని నీటి అణువులు ఎటువైపు ఎంత సులువుగా కదులుతున్నాయో అది కొలుస్తుంది.

గ్లాసు నీళ్లలో ఒక సిరా చుక్క వేస్తే అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. అదే చుక్కను పుల్లల చీపురు కట్టలో వేస్తే పుల్లల వెంట జారినంత తేలికగా వాటికి అడ్డంగా పోలేదు. మెదడులోని తెల్ల పదార్థం ఇలాంటి కట్టలతోనే నిండి ఉంటుంది. అవి నరాల పోగుల కట్టలు. వాటిలోని నీటికి పోగు వెంబడి నడవడం తేలిక, పోగుకు అడ్డంగా నడవడం కష్టం. స్కాన్ కొలిచే ఆ కొద్దిపాటి సమయంలో, అంటే సెకనులో ఇరవయ్యో వంతులో, ఒక నీటి అణువు నడిచే దూరం మిల్లీమీటరులో నూరో వంతు దగ్గరగా ఉంటుంది. అంత చిన్న నడకను బట్టి పోగులు ఎటు పోతున్నాయో పసిగట్టడమే ఈ స్కాన్ ప్రత్యేకత.

దీని వెనుక చాలామంది కష్టం ఉంది. నీటి కదలికను అయస్కాంత పద్ధతిలో కొలిచే దారిని 1965లో స్టెజ్‌స్కల్, టానర్ చూపారు. 1980ల మధ్యలో ఫ్రాన్స్‌కు చెందిన డెనిస్ లె బిహాన్ దాన్ని మెదడు బొమ్మల దాకా తెచ్చారు. 1994లో పీటర్ బాసర్, జేమ్స్ మాటియెల్లో, లె బిహాన్ కలిసి పోగు దిశను కూడా లెక్కగట్టే డిఫ్యూజన్ టెన్సర్ పద్ధతిని ప్రచురించారు. డాక్టర్లు "డీటీఐ" అనేది దీన్నే. ఆ దిశలను ఒకదాని వెంట ఒకటి కలుపుకుంటూ పోయి దారులు గీయడాన్ని ట్రాక్టోగ్రఫీ అంటారు. రంగురంగుల దారాల్లా కనిపించే మెదడు బొమ్మలు అవే.

బాణాల చీటీ

ఒక్క కొలతతో దిశ తెలియదు. యంత్రం ఒకసారి "కుడి నుంచి ఎడమకు నీళ్లు ఎంత కదిలాయి?" అని అడుగుతుంది. ఇంకోసారి "ముందు నుంచి వెనక్కి?" అని, మరోసారి ఏదో ఒక ఐమూలగా అడుగుతుంది. ఇలా అడిగే ఒక్కో వైపునూ గ్రేడియంట్ దిశ అంటారు. దాన్ని ఒక బాణం అనుకోవచ్చు. టెన్సర్ లెక్కకు కనీసం 6 వేర్వేరు దిశలు కావాలి. మంచి పటం కోసం 30, 64 లేదా అంతకన్నా ఎక్కువ దిశల్లో కొలుస్తారు.

ప్రతి బాణాన్నీ మూడు అంకెలతో రాస్తారు: ఎడమ-కుడి వైపు ఎంత, ముందు-వెనక ఎంత, పైకి-కిందికి ఎంత. 64 బాణాలుంటే 64 మూడంకెల వరసలు. ఈ జాబితా స్కాన్ ఫైళ్లతో పాటే వస్తుంది. పరిశోధకులు వాడే సాఫ్ట్‌వేర్లలో దీన్ని "బివెక్" ఫైలు అంటారు. ఒక బాణం దిశలో కొలిచినప్పుడు ఒక చోట సిగ్నల్ బాగా పడిపోయిందంటే, ఆ వైపు నీళ్లు బాగా నడిచాయని అర్థం. అంటే పోగులు దాదాపు ఆ వైపే పోతున్నాయి. కాబట్టి పోగు దిశ తేలేది ఈ చీటీలోని అంకెల మీదే. చీటీ తప్పయితే దాన్ని బట్టి గీసిన దారీ తప్పే.

ముక్కలు వాలుగా ఎందుకు తీస్తారు?

ఎంఆర్ఐ మెదడును సన్నని ముక్కలుగా చూస్తుంది. బ్రెడ్‌ను స్లైసులుగా కోసినట్టు అనుకోండి. ఆ కోత యంత్రం సొరంగానికి సరిగ్గా అడ్డంగా ఉండాలన్న రూలేమీ లేదు. రోగి తల దిండు మీద ఒక్కొక్కరిది ఒక్కోలా పడుతుంది. కొందరి గడ్డం పైకి లేచి ఉంటుంది. మెడ నొప్పి ఉన్నవాళ్లు తల నిటారుగా పెట్టలేరు. అందుకే టెక్నీషియన్ ముందుగా ఒక చిన్న స్కాన్ తీసి, మెదడు మధ్యలో ఉండే రెండు గుర్తులను కలిపే గీత చూస్తాడు. యాంటీరియర్ కమిషర్, పోస్టీరియర్ కమిషర్ అనే ఆ రెండు గుర్తుల గీతకు సమానంగా ముక్కలను వాలుస్తాడు. ఇలా చేస్తే రోగి తల ఎలా ఉన్నా ముక్కలు మెదడులోని ఒకే చోట్ల గుండా పోతాయి. పాత స్కాన్‌నూ కొత్త స్కాన్‌నూ పోల్చడం తేలికవుతుంది.

ఈ వాలు కోసం యంత్రంలో ఏ భాగమూ వంగదు. సీటీ స్కాన్‌లో ఆ గుండ్రటి చట్రమే వంగే ఏర్పాటు ఉంటుంది. ఎంఆర్ఐలో అలా ఉండదు. లోపలి మూడు గ్రేడియంట్ కాయిల్స్‌ను తగిన పాళ్లలో కలిపి వాడితే ముక్క ఏ కోణంలోనైనా వస్తుంది. బయట నుంచి చూసేవాళ్లకు ఏ తేడా కనిపించదు. 10 డిగ్రీలు, 20 డిగ్రీలు వాలిన స్కాన్లు అరుదేమీ కాదు. టెక్నీషియన్ చేసింది తప్పు కాదు, మంచి పనే. చిక్కు ఆ తర్వాత వస్తుంది.

యంత్రం లెక్క, బొమ్మ లెక్క

బాణాల చీటీని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి యంత్రం లెక్క. ఇక్కడ "పైకి" అంటే సొరంగం పొడవునా తల వైపు. ఇది ఊరి దిక్కుల్లాంటిది. ముక్కలు ఎలా వాలినా మారదు. రెండోది బొమ్మ లెక్క. ఇక్కడ "పైకి" అంటే ఒక ముక్క నుంచి దాని మీది ముక్కకు పోయే వైపు. ఇది గది గోడల్లాంటిది. ముక్కలు వాలితే ఇదీ వాలుతుంది.

ముక్కలు నేరుగా ఉంటే రెండు లెక్కలూ ఒకటే. ఏ చీటీ వాడినా తేడా రాదు. ముక్కలు 20 డిగ్రీలు వాలితే రెండు లెక్కల మధ్య సరిగ్గా 20 డిగ్రీల తేడా వస్తుంది.

ఇప్పుడు అసలు గందరగోళం. కొన్ని యంత్రాలు చీటీని యంత్రం లెక్కలో రాస్తాయి, కొన్ని బొమ్మ లెక్కలో రాస్తాయి. చదివే సాఫ్ట్‌వేర్లూ అంతే. పరిశోధకులు ఎక్కువగా వాడే ఎఫ్ఎస్ఎల్ అనే ప్యాకేజీ బాణాలను బొమ్మ లెక్కలో అడుగుతుంది. ఎంఆర్‌ట్రిక్స్ అనే ఇంకో ప్యాకేజీ తన సొంత ఫార్మాట్‌లో యంత్రం లెక్క వాడుతుంది. ఒక లెక్కలో రాసిన చీటీని ఇంకో లెక్కలో చదివితే సాఫ్ట్‌వేర్ ఆగదు, ఎర్ర దీపం వెలగదు. చక్కగా పని పూర్తి చేసి, 20 డిగ్రీలు తప్పిన పటాన్ని చేతికిస్తుంది.

దీనికి తోడు ఇంకో పొరపాటు ఉంది. స్కాన్ ప్రోటోకాల్‌లో అచ్చు వేసిన ఒకే బాణాల జాబితాను రోగులందరికీ వాడేయడం. ముక్కల వాలు మనిషి మనిషికీ మారుతుంది. ఒక ఇంటి చీటీ అడిక్‌మెట్‌లోని అన్ని ఇళ్లకూ సరిపోనట్టే, ఒక జాబితాను అలాగే అందరికీ అంటించడం కుదరదు.

సరిదిద్దే లెక్క ఇంతే

ఇంటర్ చదివిన పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క ఇది. ఎంఆర్ఐ ఫైళ్లను డైకామ్ ఫైళ్లు అంటారు. ప్రతి డైకామ్ ఫైలులోనూ ముక్క ఎటు వాలిందో చెప్పే ఆరు అంకెలు ఉంటాయి. మొదటి మూడు బొమ్మ అడ్డ వరస ఎటు పోతోందో చెబుతాయి. తర్వాతి మూడు నిలువు వరస ఎటు పోతోందో చెబుతాయి. ముక్క నేరుగా ఉంటే ఆ అంకెలు 1, 0, 0, 0, 1, 0 అని ఉంటాయి.

ఒక స్కాన్‌లో ముక్క ముందు-వెనకలుగా 20 డిగ్రీలు వాలింది అనుకుందాం. అప్పుడు అడ్డ వరస 1, 0, 0 గానే ఉంటుంది. నిలువు వరస 0, 0.94, మైనస్ 0.34 అవుతుంది. 0.94 అంటే 20 డిగ్రీల కొసైన్, 0.34 అంటే దాని సైన్. ఈ రెండు వరసలకూ నిట్టనిలువుగా ఉండే మూడో దిశను క్రాస్ ప్రోడక్ట్‌తో కనుక్కుంటారు. అది 0, 0.34, 0.94. గదికి రెండు గోడలు తెలిస్తే కప్పు ఎటు ఉందో తెలిసిపోయినట్టే.

ఇప్పుడు యంత్రం లెక్కలో నేరుగా పైకి చూసే బాణం తీసుకోండి: 0, 0, 1. దాన్ని మూడు వరసలతోనూ విడివిడిగా, అంకెకు అంకె గుణించి కూడాలి. మొదటి వరసతో 0 వస్తుంది. రెండో వరసతో మైనస్ 0.34 వస్తుంది. మూడో వరసతో 0.94 వస్తుంది. అంటే బొమ్మ లెక్కలో అదే బాణం 0, మైనస్ 0.34, 0.94. బాణం కదల్లేదు, దాన్ని చెప్పే అంకెలు మారాయి. జాబితాలోని బాణాలన్నింటికీ ఇదే చేస్తే చీటీ సరిపోతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, చీటీ ముందే బొమ్మ లెక్కలో ఉంటే మళ్లీ తిప్పకూడదు. తిప్పితే లేని తప్పును 20 డిగ్రీల మేర కొత్తగా తెచ్చుకున్నట్టే. రెండు, తిప్పాల్సిన వైపు కాకుండా ఎదురు వైపు తిప్పితే తప్పు 40 డిగ్రీలు అవుతుంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ అంకెలు దేనిని బట్టి రాసినవి?

ఈ లెక్కను చేత్తో చేయాల్సిన అవసరం ఈ రోజుల్లో తక్కువ. అమెరికాలోని సౌత్ కరోలినా యూనివర్సిటీకి చెందిన క్రిస్ రోర్డెన్ తయారు చేసిన డీసీఎం2ఎన్ఐఐఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాం డైకామ్ ఫైళ్లను మారుస్తూనే యంత్రం ఏ కంపెనీదో చూసి బాణాలను తగిన లెక్కలోకి తిప్పుతుంది. అయితే అది ఇచ్చిన ఫైలును ఎవరైనా తెలియక మళ్లీ తిప్పితే కథ మొదటికే వస్తుంది.

ఈ తప్పు కంటికి ఎందుకు కనిపించదు?

ఒక కోడిగుడ్డును టేబుల్ మీద పెట్టి కాస్త పక్కకు తిప్పండి. గుడ్డు ఆకారం మారదు, అది చూసే వైపు మారుతుంది. డీటీఐలో ప్రతి చిన్న గడిలోనూ నీటి కదలికను ఇలాంటి గుడ్డు ఆకారంతో చూపిస్తారు. బాణాలన్నీ కలిసి ఒకే కోణంలో తప్పితే గుడ్లన్నీ ఒకే కోణంలో తిరుగుతాయి. వాటి పొడవు, లావు మారవు. నీటి కదలిక సగటు ఎంత, గుడ్డు ఎంత సన్నగా ఉంది అనే కొలతలు సరిగ్గానే వస్తాయి. ఆ సన్నదనం కొలతనే ఎఫ్ఏ అంటారు. ఆ నలుపు-తెలుపు పటాలు చూస్తే ఏ లోపమూ దొరకదు.

రంగుల పటం కూడా మోసం చేస్తుంది. ఆనవాయితీ ప్రకారం ఎడమ-కుడి పోగులకు ఎరుపు, ముందు-వెనక పోగులకు ఆకుపచ్చ, పైకి-కిందికి పోయే పోగులకు నీలం రంగు వేస్తారు. మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కల్లోసమ్ నడుమ ఎర్రగా ఉందా అని చాలామంది మొదట చూస్తారు. ముక్కలు ముందు-వెనకలుగా వాలినప్పుడు తిరుగుడు జరిగేది ఎడమ-కుడి గీత చుట్టూ. కాబట్టి ఎడమ-కుడిగా పోయే పోగులకు ఏమీ కాదు. కార్పస్ కల్లోసమ్ నడుమ ఎర్రగానే ఉంటుంది. "సరిగ్గానే ఉంది" అనుకుని ముందుకు పోతారు. దెబ్బ తగిలేది పైకి-కిందికి, ముందుకు-వెనక్కి పోయే కట్టలకు.

కాళ్లు చేతులు కదిలించే ఆదేశాలు మెదడు పైభాగం నుంచి వెన్నుపాము దాకా దిగేది కార్టికోస్పైనల్ ట్రాక్ట్ అనే కట్ట ద్వారా. అది ఎక్కువ భాగం పైనుంచి కిందికే పోతుంది. మాటకు సంబంధించిన ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ ముందు నుంచి వెనక్కి వంపు తిరుగుతుంది. నేరుగా పోయే ఒక కట్టను 5 సెంటీమీటర్ల దూరం 20 డిగ్రీల తప్పుతో గీస్తే చివరికి సుమారు 1.7 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. 10 డిగ్రీలైనా దాదాపు 9 మిల్లీమీటర్లు. చాలాసార్లు గీత అంతదూరం పోకుండానే తెల్ల పదార్థం దాటేసి తెగిపోతుంది, లేదా పక్క కట్టలోకి ఎక్కి ఎక్కడికో పోతుంది. గడ్డ ఒక పక్క, నరాల కట్ట మరో పక్క ఉన్నచోట ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పాల్సిన పని లేదు.

స్కాన్ మధ్యలో తల కదిలితే?

డీటీఐ స్కాన్ చాలా నిమిషాలు పడుతుంది. అంతసేపు కదలకుండా ఉండటం పెద్దవాళ్లకు, పిల్లలకు కష్టం. తల కొద్దిగా పక్కకు తిరిగితే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను తిప్పి మొదటి బొమ్మతో కలిపేస్తుంది. ఇక్కడా అదే సూత్రం. బొమ్మను తిప్పినప్పుడు ఆ బొమ్మకు చెందిన బాణాన్ని కూడా అంతే తిప్పాలి. లేకపోతే బొమ్మ ఒక లెక్కలో, బాణం ఇంకో లెక్కలో మిగిలిపోతాయి. అలెగ్జాండర్ లీమన్స్, డెరెక్ జోన్స్ 2009లో మాగ్నెటిక్ రెజొనెన్స్ ఇన్ మెడిసిన్ పత్రికలో ఈ విషయాన్నే గట్టిగా చెప్పారు. అప్పటిదాకా ఈ అడుగును చాలామంది పట్టించుకోలేదు.

వాలుకూ కదలికకూ ఒక తేడా ఉంది. ముక్కల వాలు వల్ల బాణాలన్నీ ఒకే కోణంలో తప్పుతాయి, కాబట్టి గుడ్ల ఆకారం చెడదు. తల కదిలినప్పుడు ఒక్కో బాణం ఒక్కోలా తప్పుతుంది. అప్పుడు గుడ్డు ఆకారమే మారుతుంది, ఎఫ్ఏ లాంటి కొలతలూ పాడవుతాయి.

పట్టుకునే దారులు

మొదటి దారి, కంటితో చూడటం. రంగులు చాలవు కాబట్టి ప్రతి గడిలోనూ పోగు దిశను చిన్న పుల్లలా గీయించాలి. తలను పక్క నుంచి చూస్తున్నట్టుండే బొమ్మలో, కార్పస్ కల్లోసమ్ పైన వంపుగా పోయే సింగ్యులమ్ కట్టను చూడాలి. చీటీ సరైనదైతే పుల్లలు వంపు వెంట వరసగా పడుకుంటాయి. తప్పయితే వంపును కోస్తూ అడ్డంగా నిలబడతాయి. ఒకసారి అలవాటైతే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది.

రెండో దారి, కంప్యూటర్‌తోనే వెతికించడం. బెన్ జ్యూరిసెన్, లీమన్స్, యాన్ సైబర్స్ 2014లో మెడికల్ ఇమేజ్ అనాలిసిస్ పత్రికలో ఒక తెలివైన ఉపాయం ప్రచురించారు. చీటీని రకరకాలుగా మార్చి, ప్రతిసారీ మెదడంతా దారులు గీయించి, దారుల సగటు పొడవు చూస్తారు. తప్పు చీటీతో గీసిన దారులు పోగుల నుంచి తప్పిపోయి తొందరగా తెగిపోతాయి. సరైన చీటీతో గీసినవి పొడవుగా సాగుతాయి. ఏ మార్పుతో దారులు ఎక్కువ పొడవొస్తాయో అదే సరైన చీటీ. ఎంఆర్‌ట్రిక్స్‌లోని డీడబ్ల్యూఐగ్రాడ్‌చెక్ అనే కమాండ్ ఈ ఆలోచన మీదే పనిచేస్తుంది. చీటీని యంత్రం లెక్కలో, బొమ్మ లెక్కలో రెండింటిలోనూ పెట్టి చూస్తుంది. ఏదైనా ఒక అంకె గుర్తు తారుమారైందా, వరసలు మారిపోయాయా అని కూడా చూస్తుంది.

గుర్తు తారుమారు గురించి ఒక మాట. ఒక బాణాన్ని పూర్తిగా వెనక్కి తిప్పితే నష్టం లేదు. నీళ్లు ముందుకూ వెనక్కూ ఒకేలా నడుస్తాయి కాబట్టి కొలత మారదు. కానీ మూడు అంకెల్లో ఒక్కదాని గుర్తు మాత్రమే మారితే, ఐమూలగా పోయే పోగులన్నీ అద్దంలో చూసినట్టు ఎదురు వైపుకు తిరుగుతాయి. నేరుగా పోయేవి మాత్రం బాగానే కనిపిస్తాయి. ఇదీ చూడగానే దొరకని తప్పే.

ఏ స్కాన్‌కు ఈ భయం అక్కర్లేదు

ఇది చదివి ఇంట్లో ఉన్న ప్రతి ఎంఆర్ఐ రిపోర్టునూ అనుమానించాల్సిన పని లేదు. పక్షవాతం వచ్చినప్పుడు హడావుడిగా తీసే డిఫ్యూజన్ స్కాన్‌కు ఈ సమస్య దాదాపు వర్తించదు. అక్కడ ఒకదానికొకటి నిట్టనిలువుగా ఉండే మూడు దిశల్లో కొలిచి వాటి సగటు చూస్తారు. మూడు బాణాలనూ కలిపి ఎటు తిప్పినా ఆ సగటు మారదు. డాక్టర్ చూసేది నీటి కదలిక ఎక్కడ తగ్గింది అని మాత్రమే, ఎటు పోతోంది అని కాదు. కాబట్టి పక్షవాతం లక్షణాలు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా ఆసుపత్రికి పోవాలి.

నరాల దారుల పటం అవసరమయ్యేది ముఖ్యంగా గడ్డ ఆపరేషన్ల ప్లానింగ్‌లో, పరిశోధనలో. ఆపరేషన్‌లో కూడా సర్జన్లు ఈ పటం ఒక్కదాన్నే నమ్ముకుని కత్తి పట్టరు. పుర్రె తెరిచాక మెదడు కొద్దిగా జరుగుతుందని వాళ్లకు తెలుసు. అవసరమైనచోట సన్నని కరెంటుతో మెదడును తాకి, చేయి కదులుతోందా, మాట ఆగుతోందా అని చూసుకుంటూ ముందుకు పోతారు. అయినా మొదటి అంచనా సరైన పటంతో మొదలవడం రోగికి మేలు.

కుటుంబం చేతిలో ఉన్నది

అడిక్‌మెట్‌లో ఒక ఇంట్లో అమ్మీకి మెదడులో గడ్డ ఉందని తేలింది అనుకోండి. ఒక చోట స్కాన్ తీశారు. రెండో అభిప్రాయం కోసం ఇంకో డాక్టర్ సాబ్ దగ్గరికి పోవాలి. కొడుకు ఫిల్మ్‌ను కిటికీకి ఆనించి ఫోన్‌లో ఫోటో తీసి వాట్సాప్ చేస్తాడు. ఆ ఫోటోలో గడ్డ ఎక్కడుందో కొంత కనిపించొచ్చు. కానీ ముక్క వాలు చెప్పే ఆరు అంకెలు అందులో ఉండవు. బాణాల చీటీ ఉండదు. ఆ ఫోటో నుంచి నరాల పటం మళ్లీ తయారు చేయడం ఎవరి వల్లా కాదు.

అందుకే స్కాన్ అయ్యాక ఫిల్మ్, రిపోర్టుతో ఆగకుండా మొత్తం డైకామ్ ఫైళ్లున్న సీడీ లేదా పెన్‌డ్రైవ్ అడిగి తీసుకోవాలి. అందులోని ఫైళ్లను జేపీజీలోకి మార్చకుండా, పేర్లు మార్చకుండా, కొన్నింటిని ఏరి తీసేయకుండా ఉన్నది ఉన్నట్టు దాచాలి. ఇంకో కాపీ ఇంట్లో వేరేగా పెట్టుకోవాలి. ట్రాక్టోగ్రఫీ చేయిస్తున్నట్టయితే "స్కాన్ వాలుగా తీసి ఉంటే దిశల లెక్క చూసుకున్నారా?" అని మర్యాదగా అడగొచ్చు. ఈ పని చేసేవాళ్లకు ఆ ప్రశ్న వెంటనే అర్థమవుతుంది.

ఊరట కలిగించే విషయం ఒకటుంది. చీటీలో తప్పు దొరికినా చాలావరకు మళ్లీ స్కాన్ తీయించాల్సిన అవసరం రాదు. కొలత సరిగ్గానే జరిగింది, దాని పక్కన రాసుకున్న దిశ మాత్రమే తప్పింది. అసలు డైకామ్ ఫైళ్లు ఉంటే కంప్యూటర్ ముందు కూర్చుని సరిదిద్దుకోవచ్చు. ఇంకోసారి వేల రూపాయలు, ఇంకోసారి ఆ సొరంగంలో కదలకుండా పడుకోవడం తప్పుతాయి. అసలు ఫైళ్లు పోతే ఆ అవకాశం పోయినట్టే.

మన పిల్లలకు ఇక్కడ పని ఉంది

హైదరాబాద్‌లో మెదడు బొమ్మల మీద గట్టి పనే జరిగింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 100 మంది భారతీయుల ఎంఆర్ఐలతో భారతీయ మెదడు అట్లాస్ తయారు చేసింది. అది 2019లో వెలుగులోకి వచ్చింది. పాశ్చాత్యుల మెదడు కొలతలతో పోలిస్తే భారతీయుల సగటు కొలతలు చిన్నవని అందులో తేలింది. ఆ అట్లాస్ మెదడు ఆకారానికి సంబంధించింది, దానికి బాణాల చీటీ అక్కర్లేదు. అయితే మన దగ్గరి మెదళ్లలో నరాల దారుల పటం గీయాలంటే, వేర్వేరు ఆసుపత్రుల్లో వేర్వేరు కోణాల్లో తీసిన స్కాన్లను ఒక చోట చేర్చాలి. అప్పుడు ప్రతి స్కాన్‌కూ దిశల లెక్క సరిచూడక తప్పదు. ఒక్కొక్కటి ఒక్కో కోణంలో తప్పితే సగటు తీసేసరికి దారులన్నీ అలుక్కుపోతాయి.

అడిక్‌మెట్‌కు ఆనుకునే ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. ఇమేజింగ్ టెక్నాలజీ కోర్సులు చదివే పిల్లలు మన బస్తీల్లోనూ ఉన్నారు. ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత స్కాన్ డేటాతో ప్రాజెక్టు చేసేటప్పుడు వాళ్లు మొదటి రోజే చేయాల్సిన పని ఇది: ఆ ఆరు అంకెలు తెరిచి చూడటం. 1, 0, 0, 0, 1, 0 కాకుండా వేరే ఏవైనా కనిపిస్తే స్కాన్ వాలిందని అర్థం. వెంటనే బాణాల ఫైలు ఏ లెక్కలో ఉందో తేల్చుకోవాలి. పుల్లలు గీయించి సింగ్యులమ్ వంపు చూడాలి. అరగంట పని. ఆ అరగంట మిగుల్చుకుంటే ఆర్నెల్ల థీసిస్ మొత్తం 20 డిగ్రీలు పక్కకు పోవచ్చు.

వెయ్యేళ్ల క్రితం అల్ బిరూనీ గజనీ పట్టణానికి ఖిబ్లా కనుక్కోవడానికి ముందు ఊళ్ల స్థానాలను జాగ్రత్తగా కొలిచి, ఆ తర్వాతే దిశ లెక్క కట్టాడు. ఎక్కడ నిలబడ్డామో తేల్చుకోకుండా ఎటు తిరగాలో చెప్పలేమని ఆయనకు తెలుసు. కొత్త ఇంట్లో జానిమాజ్ పరిచే ముందు దాదీ అడిగే ప్రశ్న కూడా అదే. స్కాన్ ఫైలు తెరిచినవాళ్లు కూడా ముందు అడగాల్సింది అదే: ఈ దిశ దేనిని బట్టి?